బొబ్బిలి నవలకు నాలుగు స్టార్లా, ఒకటా? చారిత్రక నవలకు నేను రేటింగ్ ఎలా ఇస్తానంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 1757 బొబ్బిలి యుద్ధం మీద ఈమధ్య వచ్చిన ఒక నవలను మీరు రెండు రాత్రుల్లో చదివేశారు. నచ్చింది, నాలుగు స్టార్లు ఇచ్చారు. చరిత్రలో పీజీ చేసిన మీ స్నేహితుడేమో "అందులో సగం అబద్ధం, ఒక్క స్టారే ఎక్కువ" అని మీతో వాదన పెట్టుకున్నాడు. బొబ్బిలి మీదికి దండెత్తిన విజయనగరం రాజు విజయరామరాజును తాగుబోతుగా, ఆడవాళ్ల పిచ్చి ఉన్నవాడిగా చూపించడం మీకూ ఎక్కడో గుచ్చుకుంది. పైగా ఆ పుస్తకం రచయితే మీకు ఉచితంగా పంపారు. ఇప్పుడు నిజాయితీగా ఎంత ఇవ్వాలి, ఇచ్చిన రేటింగ్ మార్చొచ్చా అని అడిగారు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ నాలుగు ఎక్కువ, మీ స్నేహితుడి ఒకటి అన్యాయం. నేనైతే మూడు దగ్గర ఆగుతాను. రేటింగ్ మార్చొచ్చు, మార్చాలి కూడా.

నా లెక్క ఇది: స్టార్లు నవలకే ఇస్తాం. అయితే చరిత్ర పేరు చెప్పుకుని ఆ నవల పాఠకుడికి ఒక మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకుందా లేదా అన్నది కూడా నవల మంచిచెడుల్లో భాగమే. తప్పులు ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ పోతే మీ స్నేహితుడిలా తయారవుతాం. తప్పులు అసలు పట్టించుకోకపోతే అట్ట వెనక రాసిన పొగడ్తకూ మన రివ్యూకూ తేడా ఉండదు. ఏ తప్పు కథలో ఎక్కడ కూర్చుంది, దానివల్ల ఎవరికి నష్టం జరిగింది అని చూడాలి.

నేను విశాఖ పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్లకు పైగా పుస్తకాల మీద రాస్తున్నాను, ముందు చిన్న పత్రికలకు, తర్వాత ఆన్‌లైన్‌లో. చరిత్రలో డిగ్రీ లేదు. కాబట్టి ఇదంతా చదివి చదివి, కొన్నిసార్లు దెబ్బతిని నేర్చుకున్నది.

చారిత్రక నవలను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి ఫోన్ పక్క గదిలో ఉంటుంది, చేతిలో పెన్సిల్ మాత్రం ఉంటుంది. చదువుతుంటే ఎక్కడైనా "ఇది అప్పటికి ఉందా?" అని మనసు ఆగితే మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టి ముందుకు పోతాను. అక్కడే ఆగి వెతకడం మొదలుపెడితే ఇక కథ ఎక్కదు, కళ్లు తప్పుల కోసమే తిరుగుతాయి. పుస్తకం పూర్తయ్యాక చుక్కలున్న పేజీల నంబర్లు నోట్‌బుక్‌లో ఎక్కించుకుని ఒక్కొక్కటీ చూస్తాను. నాలుగొందల పేజీల నవలకు ఇరవై ముప్పై చుక్కలు వస్తాయి. వెతికాక సుమారు సగం చోట్ల రచయితే కరెక్టు, తెలియనిది నాకే అని తేలుతుంది.

ఈ సంగతి నాకు ఒక పెద్ద పొరపాటు వల్ల తెలిసింది. సింహాచలం నేపథ్యంగా ఒక నవల వచ్చింది. అందులో రాణీ కాదు, దొరసానీ కాదు, మామూలు ఇంటి ఆవిడ తన పేరు మీదే గుడిలో అఖండదీపం పెట్టించి, దాని నెయ్యి కోసం జీవాలను దానం ఇస్తుంది. "ఇది ఈ కాలపు ఆలోచన, రచయిత్రి తాను రాస్తున్న కాలాన్ని మర్చిపోయారు" అని రాసి ఒక స్టార్ కోసేశాను. రెండు నెలల తర్వాత ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి వెళ్తే అక్కడికి రోజూ వచ్చే ఒక పెద్దాయన నన్ను పిలిచి, శాసనాల సంపుటం ఒకటి తెరిచి నా ముందు పెట్టారు. ఆయన ఏమీ అనలేదు. వేలు పెట్టి ఒక పేరు చూపించారు, పేజీ తిప్పి ఇంకో పేరు, మళ్లీ తిప్పి మరొకటి. అన్నీ ఆడవాళ్ల పేర్లే. మన ఆంధ్రదేశపు గుడి శాసనాల్లో స్త్రీలు తమ పేరు మీద దీపాలు పెట్టించడం, ఆవుల్నీ గొర్రెల్నీ భూమినీ ఇవ్వడం మామూలు విషయం. ఆ రాత్రే రివ్యూ దిద్దాను. తేదీ వేసి, నేనెక్కడ తప్పుపట్టానో, అది ఎందుకు తప్పో రాసి, కోసిన స్టార్ తిరిగి ఇచ్చాను. కాని ఆ రెండు నెలల్లో నా మాట నమ్మి ఆ పుస్తకం కొనకుండా ఊరుకున్నవాళ్లు ఎందరో నాకు తెలియదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే మార్జిన్‌లో చుక్క ముందు నాకు ప్రశ్న, ఆ తర్వాతే రచయితకు.

ఇక తప్పుల్లో రకాలున్నాయి. కాకతీయుల కాలం నవలలో వంటింట్లో పచ్చిమిరపకాయలు తరుగుతుంటారు. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ల వెంట, 1498 తర్వాత వచ్చింది. కాకతీయ రాజ్యం 1323లోనే పోయింది. తప్పే, కాదనను. కాని పంటి కింద రాయి లాంటి తప్పు. తీసి పక్కన పెట్టి అన్నం తింటాం. రివ్యూలో ఒక వాక్యం రాస్తాను, స్టార్ కోయను. రాళ్లు పది పదిహేను తగిలితే మాత్రం ఆ రచయిత బియ్యం ఏరలేదని అర్థం, అప్పుడు అర స్టార్ పోతుంది.

కథ మొత్తం తప్పు మీద నిలబడితే అది వేరే సంగతి. నేను పోర్టు మనిషిని కాబట్టి ఇది చెప్పక తప్పదు. 1920లో జరిగే ఒక నవలలో రంగూన్ నుంచి వచ్చిన ఓడ విశాఖలో జెట్టీకి ఆనుకుని ఆగుతుంది, నాయిక మెట్ల మీదుగా దిగుతుంది, కింద ఎదురుచూస్తున్న నాయకుడు ఆమెను జనంలో గుర్తుపట్టలేకపోతాడు. కథంతా ఆ తప్పిపోవడం మీదే నడుస్తుంది. మన హార్బరు తెరిచింది 1933లో. అంతకుముందు పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. మనుషుల్నీ సరుకుల్నీ పడవల్లోకి దింపి, అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డుకు తెచ్చేవాళ్లు. పడవకు కొద్దిమందే కదా. బట్టలు తడిసి, తల తిరుగుతూ ఇసుకలో దిగే ఆ కొద్దిమందిలో ప్రియురాలిని గుర్తుపట్టకపోవడం ఎలా? ఒకసారి కనుక్కుని ఉంటే రచయితకు ఇంతకంటే మంచి సన్నివేశం దొరికేది. ఆ నవలకు ఒక స్టార్ పూర్తిగా తగ్గించాను. ఓడ సంగతి తప్పినందుకు కాదు, కథ కూలినందుకు. 1890లకు ముందు వాల్తేరులో రైలు దిగే నాయకులున్న కథలకూ ఇదే లెక్క.

వీటన్నిటికంటే పెద్ద తప్పు మనసులోది. మిరపకాయను అందరూ పట్టుకుంటారు. 1757లో ఒక బంటు "తెలుగు జాతి గౌరవం కోసం ప్రాణాలిస్తాను" అని డైలాగు చెబితే ఎవరూ పట్టుకోరు, పైగా ఒళ్లు పులకరించిందని కామెంట్లు పెడతారు. ఆ బంటు ప్రాణమిచ్చింది ఉప్పు తిన్న ఇంటి కోసం, దొరకు ఇచ్చిన మాట కోసం, కోటలో ఉన్న ఆడవాళ్ల కోసం. ఆ విశ్వాసం ఎంత లోతైనదో చూపించలేక ఇప్పటి నినాదాన్ని అతని నోట్లో పెడితే, అతను మనకు పాతకాలపు బట్టలు వేసుకున్న ఇప్పటి మనిషిలా కనిపిస్తాడు. ఆ కాలంలోకి వెళ్దామని పుస్తకం తెరిచినవాణ్ణి మళ్లీ ఇంటి గుమ్మంలోనే దింపినట్టు. ఇలాంటి నవల ఎంత వేగంగా చదివించినా నా దగ్గర మూడు దాటదు.

భాష విషయంలో మాత్రం పట్టింపు లేదు. పద్దెనిమిదో శతాబ్దపు తెలుగులోనే మాట్లాడించమంటే ఎవరం చదవలేం. "టెన్షన్ పడకు" లాంటివి రాకుండా, మొదటి పేజీలో మొదలుపెట్టిన మాటతీరు చివరిదాకా నడిస్తే నాకు చాలు.

ఇప్పుడు మీకు గుచ్చుకున్న చోటికి వద్దాం.

మా అమ్మమ్మది విజయనగరం పక్కన పల్లె. మా అత్తగారి పుట్టిల్లు బొబ్బిలి వైపు రాజాం. బొబ్బిలి కథ నేను రెండిళ్లలోనూ విన్నాను. అమ్మమ్మ కథలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు అర్ధరాత్రి దొంగలా గుడారంలో దూరి నిద్రపోతున్న విజయరామరాజును పొడిచినవాడు. అత్తగారి కథలోనూ అదే రాత్రి, అదే గుడారం, అదే కత్తి. కాని ఆయన పులి. ఆ పేరు పలికేటప్పుడు ఆమె చేస్తున్న పని ఆపి, కూర్చున్నచోటే కొంచెం నిటారుగా అయ్యేది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి ఊరివైపు నుంచి వాళ్లు చూశారు.

నిజాం ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా ప్రాంతాన్ని, ఫ్రెంచివాళ్లకు ఇచ్చింది 1753లో. పన్నులు రాబట్టుకోవడానికి ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో వచ్చాడు. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల మధ్య పాత పగలున్నాయి. విజయరామరాజు ఆ సైన్యం బలంతో బొబ్బిలి మీదికి వెళ్లాడు, 1757 జనవరి 24న కోట కూలింది. కొద్ది రోజులకే ఆయనా తన గుడారంలో హత్యకు గురయ్యాడు. రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు దీన్ని ఆ శతాబ్దంలోనే వివరంగా రాశాడు. ఇటు ఊరూరా కథలు పాడే జంగాలు, బుర్రకథలవాళ్లు తరతరాలుగా పాడుతూ వచ్చారు. నవలాకారుడికి రెండూ ముడిసరుకే. బొబ్బిలి పక్షం తీసుకుని రాస్తే తప్పేమీ లేదు, పక్షం లేని నవల చప్పగా ఉంటుంది. కాని పక్షం తీసుకోవడం వేరు, అవతలివాడి నుంచి మనిషితనం లాగేయడం వేరు. విజయరామరాజుకు అహంకారం ఉంది, ఆశ ఉంది, తన ఇంటికి జరిగిన అవమానాల లెక్క ఉంది. ఇన్ని బలమైన కారణాలు చేతిలో ఉండగా, ఆధారం లేని తాగుడూ ఆడపిచ్చీ తెచ్చి అంటించడం నాకు రెండు రకాలుగా తప్పనిపిస్తుంది. ఒకటి, చనిపోయినవాడు తిరిగొచ్చి జవాబు చెప్పుకోలేడు, ఆయన వారసులు, ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు, ప్రతినాయకుడు చులకనైతే పాపారాయుడి పగ కూడా చులకనవుతుంది. ఆధారం లేకుండా నిజమైన మనిషి మీద నింద వేస్తే నేను ఒక స్టార్ కచ్చితంగా తగ్గిస్తాను, కథ ఎంత బాగున్నా. అదే పేరు మార్చి కల్పిత పాత్రగా రాసుకుంటే తగ్గించను.

ఇందాక "మాట" అన్నాను కదా, అది ముఖ్యంగా ఇక్కడ పనికొస్తుంది. మీ దగ్గరున్న పుస్తకం అట్టమీద, రచయిత మాటలో ఏముందో మళ్లీ చూడండి. "జంగం కథల ప్రేరణతో రాసిన కల్పన" అని ఉంటే ఆ కొలతతోనే కొలవాలి, ఓర్మ్‌ను తెచ్చి కొట్టకూడదు. "ఇన్నాళ్లూ దాచిన అసలు చరిత్ర" అని ఉంటే మీ స్నేహితుడి ప్రశ్నలన్నీ న్యాయమైనవే. పెద్దల ముందుమాటలను మాత్రం నేను రివ్యూ రాశాకే చదువుతాను. మన దగ్గర ముందుమాట చాలావరకు ఆశీర్వచనం.

మీ స్నేహితుడు "ఇప్పుడు అందరికీ తెలిసిన విషయమే కదా, పాత రచయితలు కూడా తప్పు రాశారు" అన్నాడని రాశారు. దాని మీద ఒక మాట. రుద్రమదేవి 1290ల మధ్య దాకా పాలించిందని చాలాకాలం అనుకున్నారు, పాత నవలలూ అలాగే రాశాయి. నల్లగొండ ప్రాంతంలో దొరికిన చందుపట్ల శాసనం వల్ల ఆమె 1289లో చనిపోయిందని తర్వాత తెలిసింది. ఆ శాసనం వెలుగులోకి రాకముందు రాసిన నవలను ఈ కారణంతో తక్కువ చేయడం ఘోరం. ఈ రోజు రాసేవాళ్లు ఆ శాసనం సంగతి చూడకపోతే అడగొచ్చు.

కాలం ఎంత దూరమైతే రచయితకు అంత స్వేచ్ఛ ఇస్తాను. విశాఖ దగ్గరి తొట్లకొండ మీద రెండువేల ఏళ్ల కిందట ఉన్న బౌద్ధ భిక్షువుల్లో ఒక్కరి మనసైనా మనకు తెలియదు. రచయిత ఏ పేరు పెట్టినా, ఏ ప్రేమకథ అల్లినా నాకు అభ్యంతరం లేదు. ఆ కొండకు పేరు తెచ్చిన రాతి తొట్లు, విహారాల గదులు, ఎదురుగా సముద్రం, అక్కడ దొరికిన రోమన్ నాణేలు చెప్పే వ్యాపారం, ఇవి కథలో ఊపిరి తీసుకుంటే చాలు. అల్లూరి సీతారామరాజు దగ్గరికి వచ్చేసరికి అంత స్వేచ్ఛ లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయని తేదీలతో సహా కాగితాలున్నాయి. మూడింటినీ ఒక్క రాత్రిలోకి కుదిస్తే, కుదించానని చివర ఒక మాట రాస్తే క్షమిస్తాను. ఆయనతో కలిసి పోరాడిన గంటందొర, మల్లుదొరలను వెనక నిలబడి జై కొట్టే గుంపుగా మారిస్తే క్షమించను. పోడు వ్యవసాయం మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో దోపిడీ, ముఠాదారులనే కొండ ఊళ్ల పెద్దల కోపం, ఆ తిరుగుబాటుకు వేరు అక్కడుంది. కొండవాళ్ల కథను కొండవాళ్లు లేకుండా రాసిన నవలకు తారీఖులన్నీ కరెక్టైనా నా దగ్గర రెండున్నరే.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో జరిగిన ఉద్యమం లాంటివైతే ఇంకా కష్టం. ఆ ఏడాది నవంబరు 1న కాల్పులు జరిగిన రోజు వీధిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. అలాంటి నవలకు రేటింగ్ ఇచ్చేముందు ఒకరిద్దరు పెద్దవాళ్లతో మాట్లాడండి. ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు, అది కూడా రివ్యూలో రాయండి.

ఇక ఉచితంగా వచ్చిన పుస్తకం సంగతి. తెలుగులో నిజాయితీ రివ్యూకు అడ్డం మొహమాటమే. డబ్బు తీసుకుని రాసేవాళ్లు తక్కువ, మొహమాటానికి రాసేవాళ్లం ఎక్కువ. కొన్నేళ్ల కిందట ఒక ఆవిష్కరణ సభలో రచయిత నా పేరు రాసి, "మీ మాట కోసం ఎదురుచూస్తాను" అని సంతకం పెట్టి పుస్తకం చేతిలో పెట్టారు. పెద్దమనిషి, ఆరోగ్యం బాగాలేదు, సొంత డబ్బుతో అచ్చువేసుకున్నారు. నవల నిజానికి రెండున్నర. నేను ఐదు ఇచ్చాను. వారం తిరక్కుండా గోపాలపట్నం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మెసేజ్ పెట్టారు: "మీరు రాశారని కొన్నానండీ. వంద పేజీలు దాటలేకపోయాను. లోపం నాలో ఉందేమో." ఆ చివరి మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. రచయితను నొప్పించకూడదనుకుని, నన్ను నమ్మిన పాఠకురాలికి తన మీద తనకే అనుమానం కలిగించాను.

అప్పటి నుంచి రివ్యూ మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను: పుస్తకం కొన్నానా, రచయిత ఇచ్చారా, మాకు పరిచయం ఉందా. దగ్గరి స్నేహితుల పుస్తకాలకు స్టార్లు ఇవ్వను, నచ్చిన విషయాలు మాత్రం రాస్తాను, ఎందుకు ఇవ్వలేదో చెబుతాను. మన ఊరు, మన కులం, మన జిల్లా అన్నది కూడా ఒక పరిచయమే. బొబ్బిలి మీద ఏ నవలకు రాసినా అమ్మమ్మ ఊరూ అత్తగారి ఊరూ ముందు చెబుతాను. భీమిలి మీద కథ వస్తే మనసు దానంతటదే అర స్టార్ ఎక్కువ వేస్తుంది, ఆ అరను పట్టుకుని వెనక్కి తీయడం కూడా పనే. రచయిత మీద ఉన్న పాత కోపాన్ని బయటికి చెప్పకుండా దానితో స్టార్లు తగ్గించడమూ అంతే అన్యాయం.

ఇంకొకటి, మీ స్టార్ల అర్థం మీ ప్రొఫైల్‌లో రాసిపెట్టండి. నా దగ్గర మూడు అంటే "చదవండి, చదివిన టైమ్ వృథా కాదు, కాని నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి" అని. నాలుగు అంటే ఇతరులకు కొనిపెడతాను. ఐదు ఏడాదికి ఒకటో రెండో. ఇది రాసి లేకపోతే రచయితలకు మూడు కూడా తిట్టులా వినిపిస్తుంది.

మీ నవలకు నేను మూడు ఎందుకన్నానంటే, రెండు రాత్రుల్లో చదివించింది, కోట కూలిన అధ్యాయం చదివి ఏడ్చానని మీరే రాశారు. అది చిన్న విషయం కాదు, అక్కడ నాలుగుకు చేరింది. విజయరామరాజు మీద వేసిన నిందకు ఒకటి పోయింది. "అసలు చరిత్ర" అని అట్టమీద ఉంటే ఇంకో అర పోతుంది, మీరు చూసి నిర్ణయించుకోండి. మీ స్నేహితుడు చూపించిన తప్పుల జాబితాలో చాలావరకు ఆయుధాల పేర్లు, బిరుదులు, దూరాలు. అవి రివ్యూ చివర ఒక పేరాగా పెట్టి, కనిపెట్టినవాడు ఆయనే అని రాయండి. ఆయనకూ న్యాయం జరుగుతుంది.

పాత రివ్యూ చెరిపేయకండి. పైన తేదీ వేసి, "మొదట నాలుగు ఇచ్చాను, ఈ కారణంతో మూడు చేశాను, పుస్తకం రచయిత పంపినది" అని మూడు ముక్కలు రాసి, కింద పాతది అలాగే ఉంచండి. మార్చేముందు రచయితకు ఒక మెసేజ్ పెట్టండి, అనుమతి కోసం కాదు, ఆయన ఇతరుల నోటి ద్వారా వినకుండా ఉండటానికి. రాజును అలా చూపించడానికి ఆయన దగ్గర ఏదైనా ఆధారం ఉంటే పంపమని అడగండి. పంపితే, అది నిలబడేదైతే, ఆ స్టార్ తిరిగి ఇచ్చేయండి.